దాత పెట్టిన ఒక్క షరతు

"ముందు మ్యాట్ మీంచి దిగండి."

"నన్నేనా?"

"మిమ్మల్నే. బూట్లతో మ్యాట్ ఎక్కకూడదు."

"ఇదేమన్నా చర్చి అనుకున్నారా మేడమ్?"

"చర్చిలో తామర అంటుకోదు, ఇక్కడ అంటుకుంటుంది. మీ బూటుమట్టి మీదే రేపు కుర్రాళ్లు మొహాలు రుద్దుకునేది."

బ్రెట్ ఎలిస్టన్ నవ్వుతూ దిగాడు. రాష్ట్ర నేర పరిశోధన శాఖ మనిషి. కబురు అందగానే రాజధాని డిమోయిన్ నుంచి కారు వేసుకుని వచ్చాడు. అయోవా జిల్లాల్లో పనిచేసే డిటెక్టివులంటే పందుల దొంగల్ని పట్టుకునేవాళ్లని అతని నమ్మకం. ఆ జిల్లా డిటెక్టివు ఇర్మా నోవాచెక్‌కి యాభై దాటాయి. అలాంటి నవ్వులు చాలానే చూసింది. చూసినంత మాత్రాన ఒళ్లు మండకుండా ఉంటుందా?

టోల్సన్ కాలేజీ నేలమాళిగలో కుస్తీ గది అది. గోడవారన బెంచీ మీద గోర్డన్ హైట్‌క్యాంప్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఈ చుట్టుపక్కల ధాన్యపు గోదాములన్నీ ఆయనవే. ఈ కుస్తీ జట్టు బతికున్నదే ఆయన విరాళాల మీద. తల వెనక ఎముక చిట్లింది. చనిపోయింది నిన్న, ఆదివారం సాయంత్రం. ఎవరో ఆయన చేతులు సరిగ్గా పెట్టి, మెడదాకా జట్టు జాకెట్ కప్పి వెళ్లారు. పొద్దున గది తెరిచిన కాలేజీ కాపలాదారు వెర్న్, ఆయన నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు పిలిచాడట.

"చాలా తేలిక కేసు" అన్నాడు ఎలిస్టన్. "అదిగో ఆ స్తంభం. మరమ్మతుల కోసం దాని చుట్టూ ఉన్న మెత్తలు పీకేశారు. ముసలాయన తల దానికి తగిలింది. నెత్తురు మ్యాట్ మీద పడింది. చంపినవాళ్లు మందునీళ్లతో శుభ్రంగా తుడిచారు. మ్యాట్ అంచున అతుకులో కొంచెం మిగిలింది, పట్టుకున్నాం. తర్వాత బయటికెళ్లి, ఎవరూ లోపలికి రాకుండా తలుపు పిడుల్లో మాప్ కర్ర దూర్చి పోయారు."

"చంపినవాళ్లంటే ఎవరు?"

"మెలనీ ఫ్రోస్ట్. ఇక్కడ ఆటల విభాగం పెద్ద. శుక్రవారం ఈయనతో గదులు దద్దరిల్లేలా గొడవపడింది. నిన్న సాయంత్రం ఆఫీసులోనే ఉంది. ఈ గది తాళంచెవి ఆవిడ దగ్గరుంది. మధ్యాహ్నానికి లోపలేసేస్తా."

ఇర్మా తలుపు దగ్గరికి వెళ్లింది. రెండు రెక్కల చెక్క తలుపు, కాలేజీ అంత పాతది.

"తాళంచెవి చేతిలో పెట్టుకుని, తలుపుకి మాప్ కర్ర అడ్డం పెట్టడమెందుకు?"

ఎలిస్టన్ తలుపు పిడుల వంక చూశాడు.

"దాచాలనుకున్నవాళ్లు తాళం వేస్తారు బాబూ. ఈ కర్ర సంగతి వేరు. మ్యాట్ తుడిచాక ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. అందుకని తుడిచినవాడు బయట పిడుల్లో కర్ర దూర్చి పోతాడు. మా తమ్ముడు ఇక్కడే కుస్తీ పట్టాడు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి ఈ కర్ర ముందు ఎన్ని సాయంత్రాలు చలికి వణికానో నాకు తెలుసు. ఆదివారం ప్రాక్టీసు ఉండదు. అంటే తుడిచింది చంపిన మనిషే. చెయ్యి అలవాటు కొద్దీ ఆ కర్ర పెట్టేసింది."

"అంటే కుస్తీవాళ్లలో ఒకడంటారా?"

ఇర్మా అప్పటికే తలుపు లోపలివైపు చూస్తోంది. రంగు వెయ్యడం కోసం పాత రంగంతా గీకేశారు. పొరలు పొరలుగా పోయిన రంగు కింద చెక్క బయటపడింది. మోకాలికి కాస్త కిందుగా, ఒకేచోట, పదో పన్నెండో నొక్కులు. మడమతో తన్నితే పడే నొక్కులు. నిలబడి తన్నేవాడి కాలు అంత కిందికి తగలదు. నేలమీద పడి ఉన్నవాడిదే తగులుతుంది.

"అవి పాతవి. మన కేసుకి సంబంధం లేదు" అన్నాడు ఎలిస్టన్.

పాతవని ఇర్మాకీ తెలుసు. అందుకే ఆమె వంగి వాటిని దగ్గరగా చూసింది. ఈ గదిలో ఇదివరకు ఒక్క చావే జరిగింది. నలభయ్యారేళ్ల కిందట, డానీ స్కార్డా అనే కుస్తీ కుర్రాడి చావు.

* * *

మెలనీ ఫ్రోస్ట్ ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. టోల్సన్‌కి వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు పెద్ద యూనివర్సిటీలో పనిచేసింది.

"కుస్తీ గదిలోకి వెళ్లేటప్పుడు బూట్లు విప్పుతారా?" అడిగింది ఇర్మా.

"మర్చిపోతుంటాను. కోచ్ లైల్ ఒకసారి గట్టిగానే అరిచాడు."

"తలుపు పిడుల్లో మాప్ కర్ర చూశారా ఎప్పుడైనా?"

"చూశాను. తలుపు పాడైందేమో, పడకుండా ఆపు పెట్టారనుకున్నా. బాగుచెయ్యమని వడ్రంగిని కూడా పంపాను. అందరూ నవ్వారు."

ఇర్మాకి ఇక ఈవిడని అనుమానించే పని లేకపోయింది. కానీ అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటి మిగిలింది.

"గోర్డన్ ఆ విరాళాలు ఎందుకిచ్చేవాడు?"

మెలనీ కళ్లు తుడుచుకుంది. "పెద్ద యూనివర్సిటీలకి ఇచ్చేవాళ్ల సంగతి నాకు అర్థమయ్యేది. స్టేడియంలో మంచి సీటు, టీవీలో మొహం, గవర్నరు పక్కన భోజనం. ఇక్కడేముంది? మ్యాచికి నూరుమంది వస్తే పండగే. అందులో సగం అమ్మానాన్నలు, సగం తాతలూ మామ్మలూ."

"అయినా ఇస్తున్నారుగా."

"ఇస్తారు. ఎందుకని ఒక్కొక్కళ్ల ఇంటికీ వెళ్లి అడిగాను, అదేగా నా ఉద్యోగం! ఒక పళ్ల డాక్టరున్నాడు. పరీక్ష ఎగ్గొట్టి పడుకుంటే కోచ్ వచ్చి దుప్పటి లాగి తీసుకెళ్లాడట, అందుకిస్తాడు. ఒకావిడ బాస్కెట్‌బాల్ ఆడుతుండగా వాళ్లమ్మ పోయింది. జట్టంతా బస్సెక్కి అంత్యక్రియలకి వెళ్లారట, అందుకిస్తుంది. ఆట కోసం ఇచ్చేవాళ్లు ఒక్కరూ కనపళ్లేదు నాకు. చిన్న కాలేజీ కదా, ప్రతివాడికీ తన పేరు పెట్టి పిలిచిన మనిషి ఒకడుంటాడు. ఇచ్చేది ఆ ఒక్కడికి. కాలేజీ పేరు మీద ఇస్తారు, అంతే."

"గోర్డన్‌కి ఆ ఒక్కడు ఎవరు?"

"ఆయనే నాకు అంతుపట్టలేదు. గోడమీద పేరు వద్దన్నాడు. ఇన్నేళ్లలో ఒక్క మ్యాచ్ చూళ్లేదు. ఆ నడవా దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కెళ్లిపోయేవాడట. ఒక్కటే షరతు పెట్టాడు. లైల్ స్కార్డా తనంతట తను మానేదాకా అతనే కోచ్‌గా ఉండాలి. లైల్‌ని ఈ ఏడాది విశ్రాంతికి పంపుదామని మా కాలేజీ ప్రెసిడెంట్ అన్నాడు. శుక్రవారం గొడవ దాని గురించే. గోర్డన్ బల్ల గుద్ది ఒకటే మాట. 'ఆ గది కూడా లేకపోతే వాడికేం మిగులుతుంది?' అని."

లైల్ స్కార్డా. డానీ తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. అన్న పోయిన గదిలోనే ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో పిల్లలకి కుస్తీ నేర్పుతున్నాడు. ఇర్మా తమ్ముడికి నేర్పిందీ అతనే. వద్దు వద్దనుకుంటూనే ఆమె ఆ పేరుని పొద్దుటినించీ మనసులో మోస్తోంది.

* * *

గోర్డన్ ఇంట్లో వంటగది బల్లమీద ఇరుగుపొరుగులు తెచ్చిన గిన్నెలు వరసగా పేర్చి ఉన్నాయి. చావొచ్చిన ఇంటికి బంగాళాదుంప, చీజ్ వేసి కాల్చిన వంటకం తేకుండా అయోవాలో ఎవరూ గడప తొక్కరు. గోర్డన్ భార్య ఆర్లీన్ వాటి మధ్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అంతా తెచ్చి పెడుతున్నారమ్మాయ్. తినేవాడేడీ?" అంది. "కాఫీ ఉంది, పోసుకో."

ఇర్మా రెండు కప్పుల్లో పోసి ఆమె పక్కన కూర్చుంది. "నిన్న గోర్డన్‌ని ఎవరు పిలిచారు, ఆర్లీన్ గారూ?"

"నీకు తెలిసే అడుగుతున్నావు."

"మీ నోటితో వినాలి."

"లైల్ ఫోన్ చేశాడు. ఈయన కోటు తొడుక్కుంటూ, 'వాడు తలుపు చూశాడే' అన్నాడు. ఆ తలుపుకి రంగు గీకిస్తున్నారని తెలిస్తే అడ్డుపడేవాడు. ఎవరూ చెప్పలేదు. తన డబ్బుతోనే గీకించారు."

ఆమె కాఫీ ముట్టలేదు. ఇర్మా ఆగింది. పరిశోధనలో సగం పని నోరు మూసుకుని కూర్చోవడమే.

"డానీ ఎలా పోయాడని నీకు చెప్పారు?" అంది చివరికి ఆర్లీన్.

"మర్నాడు మ్యాచ్. బరువు తగ్గాలని రబ్బరు చొక్కా వేసుకుని లోపలి వేడిగదిలో కూర్చున్నాడు. గోర్డన్ పక్కనే ఉన్నాడు. డానీ ఉన్నట్టుండి కుప్పకూలాడు. గుండె. బాధపడలేదు."

"పక్కన ఎవరూ లేరు. ఈయన వెళ్లేసరికి బయట తలుపుకి కర్ర పెట్టి ఉంది. లాగి తెరిస్తే డానీ తలుపు వెనకే పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతుంటే నీళ్ల కోసం వచ్చుంటాడు. నీళ్ల కుళాయి ఆ నడవాలోనే కదా! ఈయన వాణ్ణి ఎత్తుకెళ్లి వేడిగదిలో పడుకోబెట్టి, కర్ర దాచేసి, అప్పుడు కేకలేశాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడు. నిలబడి ఆ అబద్ధం చెప్పాడు. ఎంత గట్టిగా చెప్పాడంటే, ఎవరూ రెండోసారి అడగలేదు."

"ఎందుకు చెప్పాడు?"

ఆర్లీన్ లేచి గోడమీద ఫోటో వంక చూసింది. ఇర్మా కూడా చూసింది. ఆ ఏడాది కుస్తీ జట్టు. వెనక వరసలో గోర్డన్. ముందు వరసలో డానీ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. అతని పక్కన ఒక పిల్లవాడు, తనకంటే పొడుగు మాప్ కర్రని భుజాన తుపాకీలా ఆనించుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఇర్మా చేతిలో కప్పు బల్లమీద పెట్టేసింది. ఆ పిల్లవాడు లైల్.

"'వాడు పసివాడే ఆర్లీన్. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. లోపల అన్న ఉన్నాడని వాడికేం తెలుసు? అది వాడు జన్మంతా మొయ్యాలా?' పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు నాతో. మళ్లీ ఎత్తలేదు" అంది ఆర్లీన్. "నిన్న నేను కాళ్లావేళ్లా పడ్డాను, వెళ్లొద్దని. 'నేనే కర్ర పెట్టానని చెప్పేస్తా. వాడికి కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరూ దొరక్కపోతే వెతుక్కుంటాడు. వెతికితే తనే దొరుకుతాడు' అన్నాడు. అని వెళ్లాడు."

ఆర్లీన్ వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"లైల్‌ని పట్టుకోవాలి కదా నువ్వు?"

"తప్పదు."

"పట్టుకో. నా మొగుణ్ణి చంపాడు, నేను కాదనను. కానీ అది మాత్రం చెప్పకమ్మాయ్. మా ఆయన అంత డబ్బు ధారపోసింది వాడి చెవిన ఆ ఒక్క మాట పడకూడదనే. ఆయన చచ్చింది కూడా అందుకే. ఇప్పుడు నువ్వు చెప్పేస్తే ఆయన చావు దేనికీ కొరగాకుండా పోతుంది. మాటివ్వు."

ఇర్మా మాటిచ్చింది. డిటెక్టివు ఇవ్వకూడని మాట అది. అయినా ఆ క్షణంలో ఇవ్వకుండా ఉండగలిగిన మనిషి డిటెక్టివుగానే కాదు, ఇంకెందుకూ పనికిరాదని ఆమెకి అనిపించింది.

* * *

లైల్ స్కార్డా తన ఆఫీసులో, కుస్తీ గది పక్కనే, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. బక్కపలచటి మనిషి, కుస్తీవాళ్ల చెవులు, చితికి గట్టిపడ్డవి. ఇర్మా ఒంటరిగా మాట్లాడతానంటే ఎలిస్టన్ ఒప్పుకోలేదు. కర్ర సంగతిలో పొద్దున తిన్న దెబ్బ ఇంకా మంటగానే ఉంది అతనికి. టేప్ రికార్డర్ బల్లమీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

"చేసింది నేనే, ఇర్మా" అన్నాడు లైల్, ఆమె నోరు విప్పకముందే. "నేనే తోశాను. ఆ మెలనీని వదిలెయ్యమను. పాపం, దానికి మ్యాట్‌కీ చాపకీ తేడా తెలీదు."

"ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు. క్లుప్తంగా చెప్పు చాలు."

"తలుపు మీద నొక్కులు చూశాను. డానీ మడమలవి. పిలిచి అడిగాను. గోర్డన్ ముందు తల దించుకున్నాడు. తర్వాత, 'నేనే కర్ర పెట్టానురా, ఊరికే ఆటపట్టిద్దామని. పెట్టి మర్చిపోయి పోయాను' అన్నాడు. ఆటట! మా అమ్మ ఆ దిగులుతోనే పోయింది. వీడు మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి కూడు తిన్నాడు. నాకు ఈ ఉద్యోగం వేయించాడు. ఇన్నేళ్లూ నేను వీణ్ణి దేవుడనుకున్నాను." అతను పక్క గది వైపు చూశాడు. "రెండు చేతులా తోశాను. వాడు కుస్తీవాడు. కాళ్లు నిలదొక్కుకోవడం వాడికి రాదా? నిలదొక్కుకోలేదు ఇర్మా. చేతులు వదిలేశాడు."

"తర్వాత?"

"బెంచీ మీద పడుకోబెట్టాను. నా జాకెట్ కప్పాను. మ్యాట్ తుడిచాను."

"ఎందుకు తుడిచారు? సాక్ష్యం పోవాలనా?" అన్నాడు ఎలిస్టన్.

లైల్ అతని వంక వింతగా చూశాడు. "పిల్లలు ప్రాక్టీసుకొస్తారు కదా సోమవారం."

ఇర్మా లేచింది. "చాలు. నేరం ఒప్పుకున్నాడు. పదండి, మిగతాది లాయరు వచ్చాక."

"ఒక్క నిమిషం మేడమ్."

"ఇంకేం కావాలి మీకు?"

"హత్యకి కారణం కావాలి. రేపు కోర్టులో జ్యూరీకి మొదట చెప్పాల్సింది అదే."

"చెప్పాడుగా! నలభయ్యారేళ్ల కిందటి సంగతి తవ్వి ఏం చేసుకుంటారు? వదిలెయ్యండి." ఆమె గొంతులో బతిమాలుకోవడం ఎలిస్టన్‌కి వినిపించింది. కానీ అతను దాన్ని ఊరివాళ్ల మీద అభిమానం అనుకున్నాడు. పక్షపాతం అనుకున్నాడు. అలాంటప్పుడు ఇంకా గట్టిగా పట్టుకోవడమే అతనికి నేర్పిన విద్య. నిజానికి చెడ్డవాడేం కాదు. తన పని తను శ్రద్ధగా చేస్తున్నాడు, అంతే.

"ఆ రోజు గోర్డన్ దేంతో మూశానన్నాడు తలుపు?"

"మాప్ కర్రతో" అన్నాడు లైల్.

"అది ఆయన చేతికెలా వచ్చింది?"

"ఎలా రావడమేంటి, అది అక్కడే కదా ఉండేది. తుడిచాక పిడుల్లో..."

"మేడమ్ చెప్పారు. తుడిచినవాళ్లే పెడతారట. అయితే ఆ రోజు తుడిచింది గోర్డనేనా?"

"లైల్, జవాబు చెప్పకు. లాయరొచ్చేదాకా నువ్వు మాట్లాడక్కర్లేదు" అంది ఇర్మా. ఆమె చెయ్యి రికార్డర్ మీదికి పోయింది. ఎలిస్టన్ దాన్ని తనవైపు లాక్కున్నాడు.

లైల్ మొహంలో ఇన్నింటి మధ్యా చిన్న నవ్వులాంటిది కదిలింది. తెలియనివాళ్లకి తన గది సంగతి చెప్పేటప్పుడు వచ్చే నవ్వు.

"గోర్డన్ తుడవడమేంటండీ! సీనియర్లు మాప్ ముట్టుకోరు. ఆ ఏడాదంతా తుడిచింది నేను. పదకొండేళ్లు నాకు. డానీయే కోచ్‌తో చెప్పి ఆ పని ఇప్పించాడు. బడి వదలగానే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. తుడిచేవాణ్ణి, కర్ర పెట్టేవాణ్ణి, ఇంటికి పోయేవాణ్ణి. ఒక్క రోజు కూడా మర్చిపో..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఎలిస్టన్ తర్వాతి ప్రశ్న కోసం నోరు తెరిచి, లైల్ మొహం చూసి, తను తవ్వి తీసిందేమిటో అప్పుడు తెలుసుకున్నాడు. రికార్డర్ ఆపేశాడు. "సారీ" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా.

లైల్ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. అవి తన చేతులేనా అని పోల్చుకోలేనట్టు చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు. ఇర్మా మొహం తిప్పుకోలేకపోయింది. మాటిచ్చింది కాబట్టి నోరు విప్పలేదు. కానీ కళ్లలో నీళ్లు ఆపుతానని ఆమె ఎవరికీ మాటివ్వలేదు.

"నీకు ముందే తెలుసు" అన్నాడు లైల్.

ఆమె కళ్లు తుడుచుకుంది.

"గోర్డన్‌కీ తెలుసు. మొదటినించీ."

బయట నడవాలో ఎవరో కుర్రాళ్లు, ప్రాక్టీసు లేదన్న సంగతి తెలియక, నవ్వుకుంటూ వస్తున్నారు. వెర్న్ వాళ్లని ఆపుతున్నాడు.

"ఇర్మా, ఆ డబ్బంతా..." లైల్ పెదాలు తడి చేసుకున్నాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "కాలేజీకి కాదా ఇచ్చింది?"

"కాదు, లైల్" అంది ఇర్మా.